సొంత చెస్ ఇంజిన్: తెల్లపావులు ఇస్తే ప్రతిసారీ గుర్రం సి3కే! ఓపెనింగ్స్ మార్చేదెలా?

బంటు64:
సి++లో సొంతంగా ఓ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) రాసుకున్నాను. ఆల్ఫా-బీటా (పనికిరాని ఎత్తుల్ని మధ్యలోనే వదిలేసే వెతుకులాట), క్వియెసెన్స్ (పావులు కొట్టుకోవడం ముగిసేదాకా చూడటం), ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (చూసిన పొజిషన్ల స్కోర్లు దాచే పట్టిక) ఉన్నాయి, డెప్త్ 6 (ఆరు ఎత్తుల ముందుచూపు). ఎవాల్యుయేషన్ (పొజిషన్‌కి మార్కులేయడం) అంటారా, పావుల విలువలు, పీస్-స్క్వేర్ టేబుళ్లు (ఏ గడిలో ఏ పావుకి ఎంత విలువో), అంతే. తెల్లపావులతో మొదటి ఎత్తు ఎప్పుడూ గుర్రం సి3కే. మా మేనల్లుడు పసిగట్టేశాడు. గెలిచిన గేమ్ నోట్‌బుక్‌లో రాసుకుని రోజూ అవే ఎత్తులు వేస్తున్నాడు. వాడు ఆడటం లేదండీ, పద్యం అప్పజెప్తున్నాడు.

రూట్‌లో (అంటే ఇప్పుడు బోర్డు మీదున్న పొజిషన్‌లో) అన్ని మూవ్‌లకీ స్కోర్లు వస్తున్నాయి కదా, బెస్ట్‌కి 20 సెంటీపాన్ల (బంటు విలువలో నూరో వంతు ఒక సెంటీపాన్) లోపు ఉన్నవాటిలో ఒకటి ర్యాండమ్‌గా తీస్తే చాలా? బుక్ ఫైలు (ముందే రాసిపెట్టిన ఓపెనింగ్ ఎత్తుల జాబితా) తగిలించడం ఇష్టం లేదు. ఎవరో ఆడిన ఎత్తులు నా ఇంజిన్ నోట పలికించినట్టుంటుంది.

ఏనుగుదారి:
ఎవాల్‌కి చిన్న ర్యాండమ్ నాయిస్ కలిపితే పోలా?

రాత్రిపాళీ:
నాయిస్ కలిపితే ఒకే పొజిషన్‌కి రెండుసార్లు రెండు స్కోర్లొస్తాయి, టేబుల్ అంతా కంగాళీ. కలపాలనుకుంటే గేమ్ మొదట్లో ఒక సీడ్ (ర్యాండమ్‌కి మొదటి నంబరు) తీసుకుని, దాన్నీ పొజిషన్ హ్యాష్‌నీ (ఆ పొజిషన్‌కి గుర్తుగా వాడే నంబరు) కలిపి నాయిస్ లెక్కగట్టండి. అప్పుడు ఆ గేమ్ మొత్తం నిలకడగా ఉంటుంది.

బంటు64 గారూ, ఆ 20 సెంటీపాన్ల సంగతి మాత్రం ఉన్నపళంగా పెట్టకండి. మొదటి మూవ్‌కి వచ్చేది అసలు స్కోరు. ఆ తర్వాతవి ఆల్ఫాని (అప్పటిదాకా దొరికిన బెస్ట్ స్కోరుని) దాటకపోతే మీకు దక్కేది "ఇంతకు మించదు" అనే పైహద్దే. మీది ఫెయిల్-హార్డ్ (హద్దు కంటే ఎంత తక్కువొచ్చినా ఆ హద్దునే తిరిగిచ్చే పద్ధతి) అయితే మరీ ఘోరం: మంత్రిని ఊరికే పోగొట్టే మూవ్ కూడా సరిగ్గా ఆల్ఫా విలువతోనే తిరిగొస్తుంది. అది బెస్ట్‌తో సమానం అనుకుని మీ ర్యాండమ్ దాన్నే ఎత్తుకుంటుంది. అందుకని రూట్‌లో ప్రతి మూవ్‌నీ బెస్ట్ మైనస్ 21 దగ్గర ఆల్ఫా పెట్టి వెతకండి. ఆ గీత దాటినవాటి స్కోర్లే నమ్మదగ్గవి. కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి మొదటి ఏడెనిమిది ఎత్తుల వరకే ఉంచి ఆపేయండి.

ఇంకోటి, ఎంటీ19937కి (సి++లో ర్యాండమ్ నంబర్లిచ్చేది) సీడ్ ఇవ్వకపోతే ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ అవే నంబర్లు. మేనల్లుడికి ఇంకో నోట్‌బుక్ కొనిపెట్టాల్సొస్తుంది.

బంటు64:
నాది ఫెయిల్-హార్డే. ఈ రాత్రికే మారుస్తా. పోనీ, బుక్కే పెడితే?

రాత్రిపాళీ:
మీకిష్టమైన లైన్లు ఓ ముప్ఫై మీరే టెక్స్ట్ ఫైల్లో రాసుకోండి, అప్పుడది ఎవరి బుక్కూ కాదు. ఇ4, డి4, సి4లకి వెయిట్లు (ఏది ఎంత తరచుగా వేయాలో) మీ ఇష్టం. రెడీమేడ్‌గా కావాలంటే పాలీగ్లాట్ అనే బుక్ ఫైలు ఫార్మాట్ ఉంది, ఎంట్రీకి 16 బైట్లు: 8 కీకి (పొజిషన్ హ్యాష్), 2 మూవ్‌కి, 2 వెయిట్‌కి, మిగతా 4 లెర్నింగ్‌కి. అంతా బిగ్-ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందు). మీ జోబ్రిస్ట్ నంబర్లతో (హ్యాష్ కట్టడానికి వాడే ర్యాండమ్ నంబర్లు) ఒక్క పొజిషన్ కూడా దొరకదు, వాళ్ల 781 నంబర్లే వాడాలి. కాస్లింగ్‌ని రాజు తన ఏనుగునే కొట్టినట్టు, ఇ1 నుంచి హెచ్1కి అని రాస్తారు. అది మార్చుకోకపోతే మీ మూవ్ జనరేటర్ ఇల్లీగల్ అంటుంది.

ఏనుగుదారి:
రెండు వెర్షన్లని పోటీ పెట్టేటప్పుడు మాత్రం ఈ ర్యాండమ్ ఆపేయండి. ఓపెనింగ్ బయటి నుంచి ఇచ్చి, ఒక్కోదాన్నీ రంగులు మార్చి రెండేసి గేములు ఆడించండి. లేకపోతే గెలిచింది కోడో, ఓపెనింగో తేలదు.