పెళ్లికి కట్నం ఇచ్చాక కూతురికి మళ్లీ వాటా ఎందుకు?

నిమ్మచెట్టు:
నాన్న పోయిన పన్నెండో రోజు, భోజనాలయ్యాక అన్నయ్య కాగితాల కట్ట తెచ్చి మంచం మీద పెట్టాడు. "ఊరికే ఫార్మాలిటీ, రేపు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లొచ్చేద్దాం" అన్నాడు. మర్నాడు అక్కడ దస్తావేజు రాసినాయన గడగడా చదివేశాడు. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినిపించింది. అమ్మ నా వైపు చూడలేదు, బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. వేలిముద్ర మెషిన్ మూడుసార్లు నా వేలు తీసుకోలేదు. వదిన తన కొంగుతో వేలు తుడిచింది. నాలుగోసారి తీసుకుంది. మూడెకరాల్లో, ఇంట్లో నా వాటా అలా పోయింది. సాయంత్రం చీర పెట్టారు.

ఇదంతా మొన్న ఆఫీసులో చెబితే ఒకాయన, "పెళ్లికి అంత కట్నం ఇచ్చాక మళ్లీ వాటా అడగడం అత్యాశ కాదా అమ్మా" అన్నాడు. అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. మీరేమంటారు?

ఇంటికిపెద్ద:
తిట్టినా సరే, నేను ఆయన పక్షమే. చెల్లి పెళ్లికి ఎకరం అమ్మాం. చాలక వడ్డీకి తెచ్చాం. అది తీరేసరికి ఏడేళ్లు పట్టింది. అప్పులో లేని వాటా పొలంలో ఎలా వస్తుంది? నాన్నకి పక్షవాతం వచ్చి ఐదేళ్లు మంచాన ఉంటే ఒళ్లు తుడిచింది నేనూ మా ఆవిడా. చెల్లి పండక్కి వచ్చేది, ఏడ్చేది, వెళ్లేది. చట్టానిదేముంది, సగం సగం అని రాసేస్తుంది. రాత్రి రెండింటికి డైపర్ మార్చడం గురించి ఏ సెక్షన్‌లోనూ ఉండదు.

పాతదస్తావేజు:
డైపర్ గురించి లేదు గానీ పోషణ గురించి ఉందండీ. పెళ్లైన కూతురికీ తల్లిదండ్రుల పోషణ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. వయోవృద్ధుల పోషణకి 2007లో వచ్చిన చట్టంలోనూ పిల్లలంటే కొడుకూ కూతురూ ఇద్దరూ. బాధ్యత పంచేశాక ఆస్తి దగ్గర మాత్రం ఆగిపోతే ఎలా?

ఇక కట్నం. వరకట్న నిషేధ చట్టం వచ్చిన 1961 నుంచి ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. అదే చట్టం ఆరో సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: కట్నం ఎవరి చేతికి వెళ్లినా పెళ్లైన మూడు నెలల్లో ఆ సొమ్ము పెళ్లికూతురికి అప్పజెప్పాలి. అప్పజెప్పిన అత్తారిని నేనైతే చూడలేదు. మీ ఎకరం డబ్బు చెల్లి చేతికి వచ్చిందా, లేక మీ బావగారి ఇంటి పైఅంతస్తు అయ్యిందా?

ఈ హక్కు ఎవరూ దయతలిచి ఇచ్చింది కాదు. హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలని మార్చే హిందూ కోడ్ బిల్లుని పక్కన పెట్టడం 1951లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఒక ముఖ్య కారణం. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలకే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో ఆ చట్టానికి వచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్లనీ చేర్చింది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లైనవాళ్లని వదిలేసింది. మా పెద్దక్క పెళ్లి 1985 మేలో, చిన్నక్కది 1987లో. ఒకే తండ్రి బిడ్డలు, ఒకరికి ఉంది, ఒకరికి లేదు. పెద్దక్క ఇప్పటికీ "నా ముహూర్తమే అంత" అంటుంది. కేంద్ర చట్టం 2005 సెప్టెంబర్ 9 నుంచి ఆ తేడా తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు. తండ్రి స్వార్జితం వేరు. అది ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. రాయకుండా పోతే అందులోనూ కూతురికి సమాన వాటా.

రాత్రిబస్సు:
ఇవన్నీ సరే, కూతురికిస్తే పొలం అల్లుడి పాలే కదా. ఇంటిపేరు మారిన చోటికి ఆస్తి ఎందుకు పోవాలి?

పాతదస్తావేజు:
కూతురు పిల్లల్లేకుండా, వీలునామా రాయకుండా పోతే పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి తండ్రి వారసులకే తిరిగి వస్తుంది, భర్తకి కాదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చూడండి. పిల్లలుంటే భర్తతో పాటు వాళ్లకీ వస్తుంది. ఆ పిల్లలు మీ నాన్నకి మనవలే కదా?

నిమ్మచెట్టు:
ఇంటికిపెద్ద గారూ, మీ కష్టాన్ని తీసిపారేయను. కానీ ఆ అప్పు చెయ్యమని మీ చెల్లెలు అడిగిందా? నాన్నని నా దగ్గర ఉంచుకుంటానని నేను అడిగాను. "కొడుకుండగా అల్లుడింట్లోనా, నలుగురూ ఏమనుకుంటారు" అన్నాడు అన్నయ్య. మా అత్తగారూ అదే మాట. చూసే అవకాశం ఇవ్వలేదు, తర్వాత చూడలేదన్నారు.

ఇష్టపూర్వకం అన్న మాట దగ్గరే నా గొడవంతా. సంతకం పెట్టనంటే నన్ను ఎవరూ జైల్లో వెయ్యరు. పండక్కి పిలుపు రాదు, అంతే. అమ్మకి సొంత ఫోన్ లేదు, ఆవిడతో మాట్లాడాలంటే అన్నయ్య నంబరుకే చెయ్యాలి. ఆ ఫోను ఎత్తుతారా లేదా అన్న టెన్షన్‌తో పెట్టిన సంతకం నాది. రేపు మా ఆయనతో ఏదైనా తేడా వస్తే వెళ్లి తలదాచుకోవడానికి నాకంటూ ఒక గది కూడా లేదు. అన్నయ్య రమ్మంటే వెళ్తాను, రమ్మనకపోతే లేదు.

ఇంటికిపెద్ద:
చెల్లి అడగలేదు, నిజమే. వాళ్లడిగారు, నాన్న పరువు కోసం ఒప్పుకున్నాడు. బావగారు మేడ కట్టిన మాటా నిజమే. కానీ చూసుకున్నవాడికీ చూడనివాడికీ ఒకే వాటా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

నిమ్మచెట్టు:
ఎక్కువ తీసుకోండి, కాదనను. అప్పు ఇంత, మందులకింత, మీ ఆవిడ మానేసిన ఉద్యోగానికింత అని చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పండి. లెక్క చెప్పకుండా మొత్తం రాయించుకున్నాకే కదా మాకు చీర పెడుతున్నారు.

వాననీళ్లు:
మూడు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మా పుట్టింట్లో నేనూ ఇలాగే సంతకం పెట్టాను, మా తమ్ముడికి. అప్పుడు రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పుడు మా మావగారు పోయారు. మా ఆడపడుచు వాటా అడుగుతుందేమోనని కాగితం ముందే రాయించి పెట్టమని మా ఆయనకి చెప్పింది నేనే. నాది పోయింది, ఇదైనా మిగలాలి కదా అనుకున్నా. నిమ్మచెట్టు గారు రాసిన ఆ కొంగు సంగతి చదివాక అన్నం సహించలేదు.

కాగితం బీరువాలో ఉంది. ఆదివారం మా ఆడపడుచు వస్తోంది. మా ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు.