దసరా సెలవులకి గోవా: ఏడుగురం, రెండు హోటల్ రూములు మేలా, ఒక ఫ్లాట్ మేలా?

గుంటూరు టీచర్:

అందరికీ నమస్కారం. దసరా సెలవుల మొదట్లో గోవా వెళ్లి, దుర్గాష్టమి కల్లా ఇంటికి వచ్చేయాలని ప్లాన్. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మా ఆడపడుచు, అన్నయ్యగారు. మొత్తం ఏడుగురం, ఐదు రాత్రులు. బస కోసం 25 వేలు దాటకూడదని గట్టిగా అనుకున్నాం.

కలంగూట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. రాత్రికి 4,200 అని ఉంది. ఐదు రాత్రులకి 21 వేలే కదా అని సంతోషపడ్డాను. డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి శుభ్రం చేసినందుకు 1,500, సర్వీస్ ఫీజు 3,100, పైన పన్నులు కలిపి 27,283 చూపించింది. మావారేమో ఈ గొడవంతా ఎందుకు, హోటల్లో రెండు రూములు తీసుకుందాం అంటున్నారు. అక్కడ రూము 3,000, టిఫిన్ ఉచితం.

ఇంకో సంగతి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. నవరాత్రుల్లో నీచు ముట్టరు, బయట వండినదీ పెద్దగా తినరు. వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు? ఎక్కడ తగ్గించకూడదు?

కృష్ణాతీరం:

టీచర్ గారూ, మా బంధువుల్లో ఎవరు ఊరెళ్లినా బస చూసిపెట్టే పని నాదే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు హోటల్ లెక్క చూడండి. రెండు రూములు 3,000 చొప్పున ఐదు రాత్రులకి 30 వేలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 లోపు రూములకి జీఎస్టీ 5 శాతం, కాబట్టి 31,500. ఇద్దరికి వేసిన రూముల్లో ఏడుగురు పట్టరు. ఎక్స్‌ట్రా బెడ్లు రెండైనా కావాలి, ఒక్కోటి రాత్రికి 800 వేసుకున్నా ఇంకో 8 వేలు. దగ్గర దగ్గర 40 వేలు. ఫ్లాట్ 27 వేలంటే మనిషికి రాత్రికి 780 పడుతుంది, హోటల్ అయితే 1,130. బస వెతికేటప్పుడు నేను చూసేది ఈ అంకె ఒక్కటే. పైన పెద్ద అక్షరాలతో వేసే రేటుని నేను లెక్కలోకి తీసుకోను. మొత్తం కట్టేదాన్ని మనుషులతో, రాత్రులతో భాగించండి. అప్పుడే రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడగలరు.

మీరు చూసిన ఫీజుల్లో శుభ్రతకి వేసిన 1,500 రెండు రాత్రులున్నా అంతే, ఏడు రాత్రులున్నా అంతే. అందుకే ఇలాంటి ఇళ్లు ఒకటి రెండు రాత్రులకి గిట్టవు. అదే చోట వారం ఉంటే బాగా కలిసొస్తుంది. చాలామంది ఓనర్లు ఏడు రాత్రులకి వారం డిస్కౌంట్ పెడతారు. మీ ఫ్లాట్‌కే 15 శాతం తగ్గింపు ఉందనుకోండి. 29,400 కాస్తా 24,990 అవుతుంది. ఫీజులు, పన్నులు కలుపుకుంటే 32 వేల చిల్లర. అంటే ఐదు వేల లోపు అదనంగా కడితే రెండు రాత్రులు ఎక్కువ వస్తాయి. మీ 25 వేల హద్దు దాటుతుంది, నిజమే. అయినా ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, గుంటూరు మీదుగా గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు. వారంలో కొన్ని రోజులే. రైలు దొరికే రోజుని బట్టి మీ ఐదు రాత్రులు ఆరో ఏడో అయ్యే అవకాశం ఉంది. కాబట్టి ముందు రైలు టికెట్లు ఖాయం చేసుకోండి, బస సంగతి ఆ తర్వాతే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు కలంగూట్ ఎందుకు ఎంచుకున్నారు? పేరు ఎక్కువ వినపడుతుందనే అయి ఉంటుంది. అది ఉత్తర గోవా. మీరు దిగేది దక్షిణ గోవాలోని మడ్‌గావ్‌లో. అక్కడి నుంచి కలంగూట్ 45 కిలోమీటర్ల పైనే. ఏడుగురు, సామాను ఒక మామూలు కారులో పట్టరు. పెద్ద బండి మాట్లాడాలి, లేదా రెండు బండ్లు. రానూపోనూ కొన్ని వేలు అక్కడే అయిపోతాయి. పైగా తిరుగు రైలు పొద్దున్నే. అత్తయ్యగారిని, పిల్లల్ని చీకట్లోనే లేపి బయల్దేరదీయాలి. అదే కోల్వా గానీ, దాని పక్కనే ఉన్న బెనాలిం గానీ అయితే స్టేషన్‌కి ఏడెనిమిది కిలోమీటర్లే. రేటు రాత్రికి రెండు మూడు వందలు ఎక్కువైనా మీకు మిగులే. అరేబియా సముద్రం అక్కడా అదే, జనం మాత్రం తక్కువ. పెద్దవాళ్లు ఇసుకలో ప్రశాంతంగా కూర్చోగలిగేది దక్షిణ గోవాలోనే అని నా గట్టి అభిప్రాయం.

తేదీల విషయంలో మీకు అదృష్టం కలిసొచ్చింది. గోవాలో రేట్లు మండిపోయేది క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా. అదే ఇల్లు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చెబుతారు. దీపావళి వారంలో ఉత్తరాది వాళ్లతో నిండిపోతుంది. మన దసరా సెలవుల మొదటి రోజులు వానలు తగ్గుముఖం పట్టి, సీజన్ ఇంకా పూర్తిగా మొదలుకాని సమయం. గాంధీ జయంతికి శని ఆదివారాలు కలిసిన సంవత్సరమైతే ఆ మూడు రోజులు తప్పించండి. ఆదివారం దిగి శుక్రవారం ఖాళీ చేసేలా చూసుకుంటే ఇంకా మంచిది. శుక్ర, శనివారాల రాత్రులకి చాలామంది రేటు పెంచుతారు.

బుకింగ్ ఇప్పుడే చేయండి, కానీ డబ్బు వెనక్కి వచ్చే షరతు ఉన్నదే తీసుకోండి. ఎన్ని రోజుల ముందు దాకా రద్దు చేసుకోవచ్చో చదివి, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. దానికి రెండు మూడు రోజుల ముందు మళ్లీ అవే ఇళ్ల ధరలు చూడండి. ఖాళీగా మిగిలితే తగ్గిస్తారు. తగ్గితే కొత్తది బుక్ చేసి, అది ఖాయమయ్యాక పాతది రద్దు చేయండి. చివరి నిమిషం దాకా ఆగితే ఇంకా చవగ్గా దొరుకుతుందని కొందరు చెబుతారు. కుర్రాళ్లు నలుగురు వెళ్తే సరే, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని తీసుకెళ్తూ ఆ పని చేయవద్దు.

మనుషుల సంఖ్య ఏడు అనే పెట్టండి. నలుగురి రేటు చూపించి, ఆ పైన ప్రతి మనిషికీ అదనంగా వేసే ఇళ్లు చాలా ఉంటాయి. ఇప్పుడు తక్కువ చెప్పి అక్కడ గుమ్మం దగ్గర వాదులాడుకోవడం ఎవరికీ బాగుండదు.

మాదాపూర్ బాటసారి:

పైన చెప్పిన లెక్కలు కరెక్టే. కానీ ఒకటి ఆలోచించండి మేడమ్. వంటిల్లు ఉంది కదా అని ఫ్లాట్ తీసుకుంటే, అక్కడ వండేది ఎవరు? మీరూ మీ ఆడపడుచే కదా. ఏడాదంతా స్కూలు, ఇల్లు చూసుకుని సెలవుల్లోనూ ఏడుగురికి కూరలు తరగాలంటే అది సెలవు ఎలా అవుతుంది? నేను, నా భార్య ఇద్దరమే వెళ్లినప్పుడు హోటలే తీసుకుంటాం. టిఫిన్ కలిసి ఉంటుంది, పక్కలు వాళ్లే సర్దుతారు, ఇద్దరికి రెండు రాత్రులైతే ఖర్చూ తక్కువే.

మీరు ఏడుగురు కాబట్టి ఫ్లాటే అనుకుంటే ఇంకో దారి ఉంది. ఒకే బిల్డింగ్‌లో రెండు చిన్న ఫ్లాట్లు దొరుకుతాయేమో చూడండి. జీఎస్టీ ఒక్కో యూనిట్ రేటుని బట్టి పడుతుంది. రాత్రికి 9,000 చెప్పే విల్లాకి 18 శాతం, అంటే 1,620. నాలుగేసి వేల ఫ్లాట్లు రెండు తీసుకుంటే 5 శాతమే, రెండిటికీ కలిపి 400. బాత్రూములూ ఎక్కువ ఉంటాయి. ఏడుగురికి ఒకే బాత్రూం అయితే పొద్దున్నే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

వాస్కో నుంచి:

నేను ఉద్యోగరీత్యా గోవాలోనే ఉంటున్నాను. మన ఊరి నుంచి వచ్చేవాళ్లు డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది అద్దె దగ్గర కాదు, అడ్వాన్స్ దగ్గర. ఫోటోలు అందంగా పెట్టి, యాప్ ఫీజు మిగులుతుంది, నేరుగా యూపీఐలో సగం పంపండి అంటారు. వచ్చి చూస్తే ఆ అడ్రస్‌లో ఇల్లే ఉండదు, లేదా అది వేరేవాళ్ల ఇల్లు. సర్వీస్ ఫీజు మూడు వేలు మిగుల్చుకోబోయి మొత్తం పోగొట్టుకోవద్దు. దయచేసి ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

1982 నాటి చట్టం ప్రకారం గోవాలో టూరిస్టులకి అద్దెకిచ్చే బసలు పర్యాటక శాఖ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. సక్రమంగా నడిపేవాళ్లు వెంటనే ఇస్తారు. తడబడితే ఆ ఇల్లు వదిలేయండి.

ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లు మూడంతస్తులవి, లిఫ్ట్ ఉండదు. ప్రకటనలో లిఫ్ట్ మాట లేకపోతే లేదనే అనుకోండి. గ్రౌండ్ ఫ్లోరా కాదా, గేటు నుంచి గుమ్మం దాకా మెట్లు ఎన్ని, కమోడ్ ఉందా, ఈ మూడూ యాప్‌లోనే మెసేజ్ పెట్టి అడగండి. ఫోన్లో చెప్పిన మాటకి రుజువు ఉండదు. మెసేజ్ అయితే రేపు తేడా వచ్చినప్పుడు చూపించవచ్చు.

తిరగడానికి మడ్‌గావ్ నుంచి కోల్వాకి బస్సులు తరచూ ఉంటాయి, చాలా చవక. స్కూటర్ అద్దెకి తీసుకుంటే నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత బండి, దాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. పోలీసులు ఆపితే జరిమానాతో మీరు మిగుల్చుకున్నదంతా పోతుంది.

దసరా రోజుల్లో అక్కడక్కడా వాన పడవచ్చు. బీచ్ షాక్‌లు, అంటే ఒడ్డున వేసే పాకల హోటళ్లు, అన్నీ అప్పటికి లేచి ఉండవు. సముద్రం కొన్ని రోజులు ఇంకా పోటు మీదే ఉంటుంది. ఒడ్డున ఎర్ర జెండా ఉన్నచోట పిల్లల్ని నీళ్లలోకి దింపకండి.

గుంటూరు టీచర్:

అందరికీ చాలా థాంక్స్. మావారికి మనిషికి రాత్రికి ఎంత అనే లెక్క చూపించాక ఒప్పుకున్నారు. బెనాలింలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఒకటి కనిపించింది. రెండు బాత్రూములు, అన్నీ కలిపి ఐదు రాత్రులకి 26 వేల లోపు. వంట గురించి మాదాపూర్ వారు అన్నమాట మా ఆడపడుచుకి చదివి వినిపించాను. ఆవిడదీ అదే మాట. కానీ అత్తయ్యగారి భోజనం సంగతి ఉంది కదా. ఏం పట్టుకెళ్లాలి, అక్కడ ఏం దొరుకుతాయి?

కృష్ణాతీరం:

టీచర్ గారూ, వంట పూర్తిగా పెట్టుకోకండి, పూర్తిగా మానేయకండి. పొద్దున టిఫిన్, రాత్రి అత్తయ్యగారికి అన్నం, చారు, పెరుగు. అంతవరకే ఇంట్లో. మధ్యాహ్నం ఎలాగూ బయట తిరుగుతుంటారు, మడ్‌గావ్‌లో శాకాహార హోటళ్లు ఉన్నాయి, అక్కడ తినేయండి. ఏడుగురికి పొద్దున టిఫిన్లు, కాఫీలు, పిల్లల పాలు బయట కొంటే రోజుకి వెయ్యి రూపాయలు ఇట్టే అవుతాయి. ఇంట్లో ఉప్మా, అటుకులు చేసుకుంటే అందులో పావు వంతు కాదు. టిఫిన్ పని మగవాళ్లకి అప్పజెప్పండి. ఉప్మా చేయడం పెద్ద విద్యేం కాదు, అన్నయ్యగారినీ మీవారినీ వంతులేసుకోమనండి. ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. మా ఇంట్లో ప్రయాణాల్లో పొద్దుటి పొయ్యి నాదే.

సోనా మసూరి బియ్యం నాలుగు కిలోలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. అక్కడి దుకాణాల్లో లావుపాటి ఉప్పుడు బియ్యం ఎక్కువ, అత్తయ్యగారికి సయించకపోవచ్చు. చింతపండు, కందిపప్పు, కారం, పోపుల డబ్బా, కందిపొడి, ఊరగాయ సర్దండి. పాలు, పెరుగు, కూరగాయలు అక్కడే కొనుక్కోవచ్చు. చిన్న కుక్కర్ కూడా తీసుకెళ్లండి. ఆ ఇళ్లలో గిన్నెలు ఉంటాయి గానీ కుక్కర్ ఉండకపోవచ్చు, ఉన్నా రబ్బరు పోయి ఉంటుంది. రైల్లో గ్యాస్ సిలిండర్, స్టవ్ తీసుకెళ్లడం నిషేధం. అందుకే ఇంట్లో గ్యాస్ ఉందా, ఇండక్షన్ పొయ్యా అని ముందే అడగండి. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగు ఇండక్షన్‌కి సరిపడేదే కావాలి.

మీలో చేపలు తినేవాళ్లుంటే ఆ రోజుల్లో ఆ వంటింట్లో వండకండి, అత్తయ్యగారి మనసు కష్టపెట్టినట్టవుతుంది. వంజరం వేపుడు బయట బ్రహ్మాండంగా దొరుకుతుంది, మధ్యాహ్నం తినండి.

ఇంకొకటి. డిపాజిట్ ఎంత, కరెంటు బిల్లు రేటులో కలిసి ఉందా, ఏసీకి విడిగా వేస్తారా అన్నది కూడా మెసేజ్‌లో రాయించుకోండి. తాళాలు చేతికి రాగానే సామాను దించకముందే ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీయండి. పగిలిన అద్దం, పనిచేయని గీజర్, గోడ మీద చెమ్మ, ఏది కనిపించినా ఆ రోజే ఓనర్‌కి పంపండి. ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో బుక్ చేసి ఉంటే, లోపం కనిపించిన 72 గంటల్లోపు వాళ్లకి చెప్పాలి, ఆ తర్వాత చెబితే డబ్బు వెనక్కి రావడం కష్టం. ఖాళీ చేసే పొద్దున కూడా ఇంకో వీడియో తీసుకోండి. మీ రైలు పొద్దున్నే కాబట్టి ఓనర్ ఆ టైముకి రాకపోవచ్చు. తాళాలు ఎక్కడ పెట్టాలో, డిపాజిట్ ఎప్పటికి పంపుతారో ముందు రోజు సాయంత్రమే మాట్లాడేసుకోండి. స్టేషన్‌కి బండి కూడా అప్పుడే చెప్పించుకోండి. ఏడుగురు, సామాను అని స్పష్టంగా చెప్పండి.