నాన్నకి ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువ, ఇమ్యూనిటీ తక్కువ... రెండూ ఒకేసారి ఎలా?

కొత్తమెంబర్:
నాన్నకి 68. జ్వరం లేదు, దెబ్బ లేదు, మామూలు చెకప్‌లో హెచ్‌ఎస్-సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో లోలోపలి వాపు, ఎంతుందో చూపించే టెస్ట్) 4.2 వచ్చింది, నెలాగి చేయిస్తే మళ్ళీ 4 దగ్గరే. ఇన్‌ఫ్లమేషన్ అన్నారు. అంటే ఇమ్యూన్ సిస్టమ్ గట్టిగా పనిచేస్తున్నట్టే కదా, మరి మామూలు ఫ్లూకే మూడు వారాలు మంచం దిగలేదేంటి? బాబాయ్ ఇమ్యూనిటీ బూస్టర్ డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు, వాడాలా వద్దా తెలీట్లా.

రాత్రిడ్యూటీ:
రెండూ ఒకేసారి ఉంటాయండి, అదే ఇందులో తిరకాసు. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే టి-సెల్స్‌కి ట్రైనింగ్ జరిగేది ఛాతీ ఎముక వెనకుండే థైమస్‌లో, అది చిన్నప్పట్నించే కుంచించుకుపోతూ కొవ్వైపోతుంది, కాబట్టి ఈ వయసులో కొత్త బ్యాచ్ రావడం బాగా తక్కువ. ఇంకోపక్క విభజన ఆపేసిన ముసలి కణాలు చావకుండా కూర్చుని ఇన్‌ఫ్లమేషన్ పెంచే ఐఎల్-6 లాంటి సిగ్నల్స్ వదుల్తూనే ఉంటాయి, వాటిని ఊడ్చాల్సిన ఇమ్యూన్ కణాలకే ఓపిక తగ్గిందాయె, పొట్ట లోపలి కొవ్వు దానికి తోడు. దొంగని పట్టలేని వాచ్‌మన్ తెల్లార్లూ విజిల్ ఊదుతున్నట్టన్నమాట. 2000లో ఫ్రాన్సెస్కీ అనే ఇటలీ సైంటిస్ట్ వాళ్ళు దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ (ఇన్‌ఫ్లమేషన్ + ఏజింగ్) అని పేరు పెట్టారు. ఆ డబ్బా ఇందులో దేన్ని బూస్ట్ చేస్తుందో బాబాయ్‌నే అడగండి :)

చిగురుటాకు:
ఒకసారి చిగుళ్ళు చూపించండి, ఇన్‌ఫ్లమేషన్ అక్కణ్ణించి కూడా రావచ్చు. మా అమ్మ బ్రష్ చేసి ఉమ్మితే నురగ గులాబీరంగులో ఉండేది, ఏళ్ళ తరబడి, ఎవరం పట్టించుకోలా. ట్రీట్‌మెంట్ అయ్యాక సీఆర్‌పీ 5 ఉన్నది 2కి దిగింది. అప్పుడే నడక కూడా మొదలెట్టింది, సో దేనివల్లో చెప్పలేను.

కొత్తమెంబర్:
ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ట్యాబ్లెట్ రోజూ వేసేస్తే పోదా?

రాత్రిడ్యూటీ:
అమ్మో వద్దు, పెయిన్‌కిల్లర్స్ రోజూ అంటే కడుపుకీ కిడ్నీలకీ దెబ్బ. గుండెపోటు వచ్చిన 10 వేల మంది మీద క్యాంటోస్ అని ట్రయల్ చేశారు, 2017లో రిజల్ట్ వచ్చింది. ఐఎల్-1 బీటా అనే ఇంకో ఇన్‌ఫ్లమేషన్ సిగ్నల్‌ని ఆపే ఇంజెక్షన్ ఇస్తే మళ్ళీ గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 15 శాతం తగ్గాయి, కానీ ఇన్‌ఫెక్షన్‌తో పోయినవాళ్ళు పెరిగారు, మొత్తం మరణాలు తగ్గనే లేదు. అవునూ, ఫ్లూ ఎప్పుడొచ్చింది? టెస్టుకి కాస్త ముందైతే ఆ నంబర్ నమ్మొద్దు. ఫ్లూ వ్యాక్సిన్ గురించి కూడా డాక్టర్ని అడగండి, 65 దాటినవాళ్ళకి డోస్ ఎక్కువున్నది వేరే ఉంది.

కొత్తమెంబర్:
ఫ్లూ టెస్టుకి నాలుగు నెలల ముందండి. ఇప్పుడే చిగుళ్ళ సంగతి అడిగా, "రక్తం అందరికీ వస్తుంది కదరా" అంటున్నారు!!