వీరగల్లులో ‘గల్లు’ ఎక్కడిది?

ప్రశ్న: మొన్న అనంతపురం వైపు వెళ్ళినప్పుడు ఒక చెరువుకట్ట మీద బొమ్మలు చెక్కిన బండ చూశాను. నిలువునా పసుపు పూసి ఉంది. అక్కడివాళ్ళు ‘వీరగల్లు’ అన్నారు. గళం అనే మాటకి దీనికి ఏమైనా సంబంధం ఉందా? పైన సూర్యచంద్రులు, కింద ఆవులు ఎందుకు చెక్కారు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: గళం కాదండీ, కల్లు. తాగే కల్లు కాదు, రాయి అనే అర్థంలో కల్లు. వీర + కల్లు, అంటే వీరుడి రాయి. కన్నడంలో రాయిని ఇప్పటికీ కల్లు అనే అంటారు, తమిళంలో కల్. మనకి రాయి అన్న మాటే వాడుకలో నిలిచింది కానీ కల్లు పూర్తిగా పోలేదు. పెళ్ళిలో పెళ్ళికూతురి చేత సన్నికల్లు తొక్కిస్తారు కదా, ఆ కల్లు ఇదే. ‘అశ్మేవ త్వం స్థిరా భవ’, రాయిలా స్థిరంగా ఉండు అనే మంత్రం ఆ సందర్భంలోదే. నూరుకునే రాయి పేరులో ఇంత పాత మాట దాక్కుని ఉందంటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ఇక బొమ్మల సంగతి. వీరగల్లుని కింది నుంచి పైకి చదవాలి. సాధారణంగా మూడు అరలుంటాయి. కింది అరలో అతను ఎలా చనిపోయాడో ఉంటుంది. మీరు చూసిన ఆవులు అక్కడివే. పశువులను తోలుకుపోయేవాళ్ళకి అడ్డం వెళ్ళి ప్రాణం వదిలినవాడన్నమాట. ఆ రోజుల్లో మందలంటే ఊరి ఆస్తి, వాటి కోసం జరిగిన పోరాటాలు తక్కువేం కాదు. మధ్య అరలో అప్సరసలు అతన్ని పైకి తీసుకెళ్తుంటారు. పై అరలో దేవుడి ముందు కూర్చుని ఉంటాడు. శైవుడైతే లింగం, జైనుడైతే జినుడు. అన్నిటికంటే పైన సూర్యుడు, చంద్రవంక. దానశాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అని రాస్తారే, ఆ మాటకి ఇది బొమ్మ. సూర్యచంద్రులున్నంత కాలం ఇతని పేరు ఉంటుందని. చదువు రానివాడికి కూడా అర్థమయ్యేలా చెక్కారు.

మరొకరు: వీరకల్లు వీరగల్లు ఎలా అయింది? గసడదవాదేశమా, అంటే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు కావడమా?

జవాబు: నేనూ మొదట అలాగే అనుకున్నాను. కూర + కాయ కూరగాయ అయినట్టు. కానీ అది ద్వంద్వ సమాసం, కూర, కాయ రెండూ అని; ఆ మార్పు అలాంటి చోట వస్తుంది. ఇక్కడ వీరుడి కల్లు, షష్ఠీ తత్పురుషం. పైగా మన సన్నికల్లులో క అలాగే ఉంది, సన్నిగల్లు కాలేదు. కన్నడంలో మాత్రం ఆదేశ సంధి అని ఒకటుంది. రెండో పదం మొదట్లోని క, త, ప లు గ, ద, బ లు అవుతాయి. హళె + కన్నడ = హళగన్నడ. అందుకని నా అభిప్రాయం, కల్లు అందరిదీ, ‘వీరగల్లు’ అనే రూపం మాత్రం కన్నడ వైపు నుంచి వచ్చింది. కన్నడం పక్కనే ఉన్న రాయలసీమలో ఈ మాట వినిపించడం కూడా దానికి తగ్గట్టే ఉంది.

ఇంకొకరు: అయితే సమాధిరాయి అనొచ్చుగా, ఈ గొడవంతా ఎందుకు?

జవాబు: అనకూడదండీ. సమాధి కింద మనిషి ఉంటాడు. వీరగల్లు కింద ఉండాలని లేదు, అది జ్ఞాపకం కోసం నిలిపిన రాయి. నాగార్జునకొండలో 3, 4 శతాబ్దాల్లో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు స్తంభాలున్నాయి. ప్రాకృతంలో వాటిని ఛాయాఖంభ అన్నారు, అంటే ఛాయాస్తంభం. పోయిన మనిషి నీడ, పోలిక నిలిచిన స్తంభం. అంత చక్కని మాట మనం వాడకుండా వదిలేశాం, నాకు అదే బాధ.

అన్నట్టు, పక్కన ఇంకో రాయి ఉందేమో చూశారా? ఒక స్తంభం, దానిలోంచి మోచేతి దగ్గర వంగి పైకి లేచిన చెయ్యి, చేతినిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ. అది భర్తతో సహగమనం చేసిన ఆమె రాయి, మాస్తికల్లు. మహాసతి మాసతి అయి, మాస్తి అయింది. గాజులు చెక్కడంలోనే ఆమె సుమంగళిగా పోయిందని చెప్పడం ఉంది. నేను ఒకసారి అలాంటి రాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. గాజులు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

మీరు చూసిన దాని పై అరలో లింగం ఉందా, ఇంకేదైనా ఉందా? పసుపు కింద అక్షరాలేమైనా కనిపిస్తే గీకకండి, పొద్దున ఏటవాలు ఎండలో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చదువుదాం.