కణాల అరుదైన క్షయాల్లో కొత్త ఫిజిక్స్ వెతకడం ఇక దండగేనా?

వేళచ్చేరి_కుర్రాడు:
మొన్న ఆదివారం గిండీలో కాఫీ దగ్గర మా బ్యాచ్‌లో పెద్ద వాదనే అయింది. బి మీసాన్ అనే బరువైన కణం క్షయమై, అంటే విడిపోయి, కేయాన్ అనే తేలికైన కణంగా మారేటప్పుడు ఎలక్ట్రాన్ జంటలు ఎన్ని పుడితే, ఎలక్ట్రాన్‌కు బరువైన అన్న లాంటి మ్యూవాన్ జంటలూ దాదాపు అన్నే పుట్టాలి. 2021 మార్చిలో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం వాళ్లకు ఆ నిష్పత్తి (మ్యూవాన్లు భాగించు ఎలక్ట్రాన్లు) 1కి బదులు 0.846 వచ్చింది, 3.1 సిగ్మా తేడా, అంటే కొలతలోని అనిశ్చితికి మూడు రెట్లు. అందరికీ ఆశ పుట్టింది. 2022 డిసెంబరులో లెక్క సరిచూస్తే అంతా కణాల గురించిన ఇప్పటి సిద్ధాంతం, స్టాండర్డ్ మోడల్, చెప్పినట్టే ఉంది. ఇంకా ఇందులోనే వయసు పోసుకోవాలా? దీనికంటే కణాల్ని ఢీకొట్టే పెద్ద యంత్రం, కొలైడర్, కట్టి కొత్త కణాన్నే నేరుగా పట్టుకోవడం నయం కదా?

అడయారు_మ్యూవాన్:
తమ్ముడూ, ముందు అక్కడ ఏం తప్పు జరిగిందో చూడు. మా అమ్మ బియ్యం ఏరేటప్పుడు నల్ల రాయి ఇట్టే దొరికేది. తెల్ల రాయే అన్నంలో పంటికి తగిలేది. పయాన్ల వంటి కణాలు కొన్ని ఎలక్ట్రాన్ వేషంలో అలాగే లెక్కలోకి వచ్చాయి. ఎలక్ట్రాన్లు ఎక్కువ అనిపించాయి, నిష్పత్తి తగ్గింది. దాన్ని పట్టుకుని బయటపెట్టిందీ ఆ బృందమే. దీన్ని ఓటమి అంటే నేనొప్పుకోను.

పెద్ద యంత్రం వద్దనను. కానీ అది పుట్టించలేనంత బరువైన కణాల జాడ కూడా అరుదైన క్షయంలో తెలుస్తుంది. తటస్థ కేయాన్ రెండు మ్యూవాన్లుగా మారడం ఎందుకంత అరుదో అంతుపట్టని రోజుల్లో, 1970లో గ్లాషో, ఇలియోపౌలోస్, మయాని అనే శాస్త్రవేత్తలు నాలుగో క్వార్క్ (ప్రోటాన్ల వంటివాటి లోపలి మూలకణం) ఉంటేనే లెక్క కుదురుతుందన్నారు. 1974లో ఆ నాలుగోది, చార్మ్ క్వార్క్, దొరికింది.

తాంబరం_లెక్కలు:
అన్నా, పాత కథ బాగానే ఉంది. మరి బి-ఎస్ అనే మరో రకం బి మీసాన్ రెండు మ్యూవాన్లుగా మారడం సంగతేంటి? వంద కోట్ల క్షయాలకు సుమారు 3.66 అని సిద్ధాంతం, 2022లో సెర్న్‌లోనే ఉన్న సీఎంఎస్ ప్రయోగానికి 3.83 వచ్చింది. తేడా ఎక్కడుంది?

అడయారు_మ్యూవాన్:
లేదు, నిజమే. దాంతో బోలెడన్ని కొత్త సిద్ధాంతాలకు చోటు తగ్గిపోయింది. అదీ ఫలితమే కదా. ఇక జపాన్‌లోని బెల్ టూ ప్రయోగం చూడండి. మన ఐఐటీ మద్రాస్ వాళ్లూ అందులో ఉన్నారు. బి మీసాన్ కేయాన్‌గా, రెండు న్యూట్రినోలుగా మారడం పది లక్షలకు 5, 6 ఉండాల్సింది, 2023లో 23 వచ్చింది.

వేళచ్చేరి_కుర్రాడు:
అన్నా, ఆ తేడా 2.7 సిగ్మాయే. న్యూట్రినోలేమో డిటెక్టర్‌లో జాడే వదలవు. తెల్ల రాళ్లు అక్కడ ఇంకా ఎక్కువ ఉండవా? శనివారం ఆ పేపర్ పట్టుకుని కూర్చుందాం, బ్యాక్‌గ్రౌండ్ (అసలు క్షయంలా కనిపించే వేరే ఘటనలు) భాగం నాకు లైన్ లైన్‌గా చెప్పాలి మీరు.