హెచ్‌సీయూలో పీజీ సీటు వచ్చింది. రిపోర్టింగ్‌కి ముందురోజు క్యాంపస్‌కి వెళ్తే ఏమేం చూసుకోవాలి?

భీమవరం_నుంచి
మా చెల్లికి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశపరీక్ష) ద్వారా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. డిగ్రీ ఇక్కడే చదివింది, కేటగిరీ ఓబీసీ. నాన్నగారు, తను ఒకరోజు ముందు వెళ్తున్నారు. ఆ ఒక్క రోజులో ఏ పని చూసుకోవాలి, ఫైల్లో ఏం ఉండాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

లింగంపల్లి_లోకల్
ముందు దారి. సికింద్రాబాద్‌లో దిగకండి. గౌతమి లాంటి బళ్ళు లింగంపల్లి దాకా వస్తాయి, టికెట్ అక్కడిదాకానే తీసుకోండి. స్టేషన్ నుంచి మెయిన్ గేటుకి ఆటోలో కొద్ది నిమిషాలే. గచ్చిబౌలి వైపు వెళ్ళే 216, 217 సిటీ బస్సులు కూడా గేటు ముందునుంచే పోతాయి.

ఆటో ఎక్కేటప్పుడు ఒట్టి 'యూనివర్సిటీ' అనకండి. అదే గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ కూడా ఉంది. 'హెచ్‌సీయూ మెయిన్ గేట్' అని చెప్పాలి.

ఇంకో మాట. తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఇచ్చే ఉచిత ప్రయాణపు జీరో టికెట్ తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్ళకే. ఆంధ్ర ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టించుకోవాల్సిందే, చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఫైలు_సర్దండి
చాలామంది ఇరుక్కునేది ఓబీసీ సర్టిఫికెట్ దగ్గర. అందుకే వివరంగా రాస్తున్నాను.

మీసేవలో తీసిన మామూలు బీసీ కులధ్రువీకరణ (బీసీ-ఎ, బి, డి అని ఉండేది) సెంట్రల్ యూనివర్సిటీలో పనికిరాదు. కేంద్రప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. అది వేరే దరఖాస్తు, తహసీల్దార్ సంతకంతో వస్తుంది. కిందటేడాదిది ఇంట్లో ఉందని ధీమాగా ఉండొద్దు. చేరే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అడగడం మామూలు, అడ్మిషన్ నోటీసులో ఆ తేదీ చూసుకోండి. నాన్-క్రీమీలేయర్‌కి ఉన్న 8 లక్షల ఏడాది ఆదాయ పరిమితి లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈ సంగతి తెలియక అర్హత ఉండీ దరఖాస్తే పెట్టని కుటుంబాలు ఎన్నో.

అసలు చిక్కు ఇంకోటి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీ జాబితా ఉంది, మీ కులం పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. కేంద్ర జాబితాలో లేకపోతే ఓబీసీ రాదు కానీ, ఆదాయం, ఆస్తి పరిమితుల్లో ఉంటే, వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకి ఇచ్చే ఈడబ్ల్యూఎస్‌కి అర్హులే. ఆ నమూనాలోనే 'కేంద్ర జాబితాలోని ఓబీసీ కాదు' అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. మండలాఫీసులో 'మీరు బీసీ కదా, ఈడబ్ల్యూఎస్ ఎలా ఇస్తాం' అంటే ఆ వాక్యం మీద వేలుపెట్టి చూపించండి. ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం అన్ని రకాల ఆదాయమూ కలుపుతారు, జీతం, సాగు కూడా. 5 ఎకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే రాదు. అయితే కేటగిరీ దరఖాస్తు రోజున పెట్టిందే చెల్లుతుంది. రిపోర్టింగ్ రోజున మార్చుతారని ఆశ పెట్టుకోవద్దు.

మిగతావి త్వరగా: టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్ (డిగ్రీ పట్టా వచ్చేలోపు ఇచ్చే సర్టిఫికెట్), టీసీ, మైగ్రేషన్ (వేరే యూనివర్సిటీలో చేరడానికి పాత యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్), సీయూఈటీ స్కోర్‌కార్డు, ఆధార్, ఫొటోలు పది. ప్రతిదానికీ మూడేసి జెరాక్సులు. టీసీ ఇచ్చేస్తే తిరిగి తేవడం కష్టం, ముందే రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి.

నన్నయ_పూర్వవిద్యార్థి
మైగ్రేషన్ గురించి ఒక సవరణ లాంటిది. అటానమస్ కాలేజీలో చదివినా మైగ్రేషన్ కాలేజీ ఇవ్వదు, అనుబంధం ఉన్న యూనివర్సిటీ ఇస్తుంది. భీమవరం వైపు కాలేజీ అయితే ఆదికవి నన్నయ, రాజమహేంద్రవరం. కాలేజీ ఇచ్చేది టీసీ, కాండక్ట్. ఈ రెండూ ఒకటే అనుకుని ఆఖరి వారంలో పరుగులు పెట్టేవాళ్ళు ప్రతి ఏడూ కనిపిస్తారు. ఆరో సెమిస్టర్ ఫలితం ఇంకా రాకపోతే హామీపత్రం రాయించుకుంటారు. అందులో ఉన్న గడువు ఫోన్లో అలారంగా పెట్టుకోండి.

ఇంటిపేరు_సమస్య
టెన్త్ మెమోలో 'నడింపల్లి వెంకట సాయి లక్ష్మి' అని ఉండి, ఆధార్‌లో 'ఎన్ వి సాయిలక్ష్మి' అని ఉంటే ఈ రోజే సరిచేయించండి. మన దగ్గర ఇంటిపేరు ముందు రావడం, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిపేరు ఉండటం మామూలే. కానీ స్కాలర్‌షిప్ పోర్టల్ యంత్రం, దానికి అక్షరం తేడా వస్తే తిప్పికొడుతుంది. మూలం టెన్త్ మెమో. ఆధార్‌ని మెమోకి సరిపెట్టాలి తప్ప మెమోని ఆధార్‌కి కాదు. ఆధార్ కేంద్రానికి మెమో ఒరిజినల్ తీసుకెళ్ళండి.

బ్యాంకు ఖాతాకి ఆధార్ 'లింక్' అయిందని ఊరుకోవద్దు. కేవైసీ (గుర్తింపు పరిశీలన) కోసం ఇచ్చిన ఆధార్ వేరు, ప్రభుత్వ డబ్బు పడటానికి చేసే సీడింగ్ వేరు. ఒకసారికి ఒక్క ఖాతాకే సీడింగ్ ఉంటుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన జీరో ఖాతాకి సీడింగ్ ఉంటే డబ్బు అందులోకే పోతుంది. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది.

గుల్మొహర్
ఇక ఆ ఒక్క రోజు. పొద్దున్నే వెళ్ళండి. గేటు దగ్గర ఆధార్, అలాట్‌మెంట్ కాగితం చేతిలో ఉండాలి. 1974లో యూనివర్సిటీ పెట్టినప్పుడు ఇచ్చిన స్థలం సుమారు 2,300 ఎకరాలు, ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి నడక అంటే చిన్న ఊరు దాటినంత. పెద్దాయనతో నడవడం కష్టం, లోపలికి కూడా ఆటో మాట్లాడుకోండి.

ముందు డిపార్ట్‌మెంట్ ఆఫీసు, తర్వాత హాస్టల్. సీటు వచ్చిందంటే హాస్టల్ గది వచ్చినట్టు కాదు, అది వేరే అలాట్‌మెంట్. జాబితా ఎప్పుడు, మొదటి వారం ఎక్కడ ఉంచుతారు, మెస్ అడ్వాన్స్ ఎంత, అది వెనక్కి వస్తుందా, ఈ నాలుగూ అడగండి.

గది చూడనిస్తే ఇలా చూడండి: ప్లగ్ పాయింట్ మంచానికి ఎంత దూరం, కిటికీకి దోమల మెష్ ఉందా, చిరిగిందా, బీరువా గడియకి మన తాళం పడుతుందా. మంచాన్ని టేపుతో కొలవండి. పరుపు, బకెట్, దోమతెర ఊరి నుంచి మోయకండి, కొలత తీసుకుని లింగంపల్లి బజారులో కొనండి. మంచం కన్నా నాలుగంగుళాలు పెద్ద పరుపు తెచ్చి అంచు మడిచి పడుకునేవాళ్ళు ఏడాదంతా నడుంనొప్పి అంటారు.

చేరేది వానల్లోనే. రాత్రి టార్చి లేకుండా అడ్డదారుల్లో నడవద్దు, పాములు, అడవిపందులు ఉంటాయి. పీకాక్ లేక్, బఫెలో లేక్ ఒడ్డున కూర్చుంటే హాయిగా ఉంటుంది, నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. మష్రూమ్ రాక్ చూడాలంటే పగటిపూట, నలుగురితో వెళ్ళాలి.

భీమవరం_నుంచి
అందరికీ ధన్యవాదాలండీ. ఓబీసీ సర్టిఫికెట్ కిందటేడాదిదే ఉంది, రేపే దరఖాస్తు పెట్టిస్తాను. ఇంకో రెండు ప్రశ్నలు. అమ్మకి ర్యాగింగ్ భయం. ఒకవేళ వేరేచోట సీటు వస్తే కట్టిన ఫీజు సంగతేంటి?

ఫైలు_సర్దండి
ర్యాగింగ్: ఆంటీర్యాగింగ్ డాట్ ఇన్ సైట్లో విద్యార్థి, తల్లి లేదా తండ్రి ఇద్దరి తరఫునా హామీపత్రం నింపాలి. రిఫరెన్స్ నంబర్ వస్తుంది, ప్రింటు ఫైల్లో పెట్టండి. యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది. అమ్మగారి ఫోన్లో కూడా ఆ నంబర్ సేవ్ చేయండి.

ఫీజు: యూజీసీ 2018 నిబంధన ప్రకారం అడ్మిషన్ ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందు మానుకుంటే మొత్తం వెనక్కి వస్తుంది (ప్రాసెసింగ్ కింద 5 శాతం దాకా, 5,000 మించకుండా పట్టుకోవచ్చు). ఆఖరి తేదీకి ముందు 15 రోజుల లోపు అయితే 90 శాతం. ఆఖరి తేదీ దాటిన 15 రోజుల్లో 80, 30 రోజుల్లో 50, ఆ తర్వాత ఏమీ రాదు. కొన్నేళ్ళు యూజీసీ ఇంతకన్నా వెసులుబాటు ఇచ్చింది, మీరు చేరే ఏడాది సర్క్యులర్ చూడండి. మానుకుంటున్నట్టు ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. తేదీ ఉండేలా మెయిల్ పెట్టి, జవాబు వచ్చేదాకా వదలొద్దు.

గుల్మొహర్
ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇచ్చేయాలని అదే నిబంధనలో ఉంది. ఏదైనా ఉంచుకుంటే ఏమేం ఉంచుకున్నారో రాసిన రసీదు అడగండి. మొహమాటం పడొద్దు.

లింగంపల్లి_లోకల్
రేపు మీసేవకి వెళ్ళినప్పుడు చెల్లి పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే టైపు చేయించండి. స్క్రీన్ మీద చదివి చూశాకే సబ్మిట్ కొట్టనివ్వండి, తర్వాత దిద్దడానికి మళ్ళీ అదే లైన్లో నిలబడాలి.