దుఃఖంలో ఉన్నవాళ్లకు రోమా 8:28 చెప్పొచ్చా?

దీపం_వత్తి: మా తమ్ముడు పోయి నెలయింది. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగంమంది ఒకటే బైబిల్ వచనం చెప్పారు: రోమా 8:28, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే జరుగుతాయని. నాకు విశ్వాసం లేక కాదు, వినేకొద్దీ ఒళ్లు మండింది. తప్పు నాదా, వాళ్లదా?

పాత_కాపు: వచనానిది మాత్రం కాదు. అది రాసిన పౌలు అప్పటికే కొరడా దెబ్బలు, రాళ్ల దెబ్బలు తిన్నాడు. 3 సార్లు ఓడ పగిలి సముద్రంలో పడ్డాడు. ఆ ఆశ కూడా చెప్పకపోతే ఇక వెళ్లి ఏం చెప్తాం?

నడిరేయి: దెబ్బలు తిన్నది పౌలండీ, వచ్చి చెప్పేవాళ్లు కాదు. బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు ఉన్నాడుగా, అతని స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుడు కోప్పడింది తన తరఫున వాదించిన ఆ స్నేహితులు, ఎలీఫజు బృందం మీద! తనను నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

పాత_కాపు: వాళ్లు 'పాపం చేశావు కాబట్టే' అన్నారు. 'మేలుకే' అనడం వేరు, రెండూ కలిపెయ్యకండి.

నడిరేయి: సరే, ఆ తేడా ఒప్పుకుంటా. మరి యోహాను సువార్త 11 చూడండి. చనిపోయిన లాజరును తిరిగి లేపబోతున్నానని యేసుకు ముందే తెలుసు. అయినా అతని తోబుట్టువు మరియ ఏడుపు చూసి కన్నీళ్లు విడిచాడు.

పాత_కాపు: అంతకుముందే ఇంకో తోబుట్టువు మార్తతో 'నీ సహోదరుడు మరల లేచును' అన్నాడుగా. అది ఆశ చెప్పడం కాదా?

నడిరేయి: మంచి పాయింటే. కానీ అక్కచెల్లెళ్లిద్దరూ ఆయనతో అన్నది ఒకటే మాట, నువ్వు ఇక్కడుంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని. మార్త ఎదురొచ్చి మాట్లాడింది, ఆమెతో మాట్లాడాడు. మరియ కాళ్లమీద పడి ఏడ్చింది, ఆమెకు వచనమేదీ చెప్పలేదు.

ఇసుకగూడు: మధ్యలో దూరుతున్నా. సువార్తల్లో యేసు గురించి 'కనికరపడి' అని ఉన్నచోట గ్రీకు మాటకు మూలం పేగులు. మనం కడుపు తరుక్కుపోయింది అంటామే, అదే. యేసు చెప్పిన కథలో, దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడికీ ఆ మాటే వాడారు. అతను గాయాలు కట్టాడు, పూటకూళ్లవాడికి 2 దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చాడు. దెబ్బలు తిన్నవాడితో ఏమన్నాడో కథలో లేనే లేదు.

దీపం_వత్తి: అయితే నేనిప్పుడు మరియ వరసలో ఉన్నట్టున్నా. నిన్న ఒకావిడ వచ్చి, ఏమీ అడక్కుండా గిన్నెలన్నీ కడిగి, కాసేపు కూర్చుని వెళ్లింది. ఆవిడ చెప్తే రోమా 8:28 వింటానేమో. ఇప్పుడే కాదు.